చెడిపోయిన చెవి

నేను ఉద్యోగరీత్యా ఎవరికీ తెలియనివాణ్ణి. ఇది బాధ చెప్పుకోవడం కాదు, నా నియామకపు ఉత్తర్వులో రాసిన హోదా. "అపరిచిత శ్రోత, గ్రేడ్ టూ" అని టైపు చేసి, కింద గుండ్రటి ముద్ర కొట్టి మరీ ఇచ్చారు. పేరు ఓబులేసు. ఊరు జమ్మలమడుగు. ఈ రెండు సంగతులూ ఉద్యోగంలో ఉండగా ఎవరికీ చెప్పకూడదు. ఇప్పుడు చెప్పినా పోయేదేం లేదు కాబట్టి చెబుతున్నాను.

మా సంస్థ పేరు రాష్ట్ర శిశు వాక్‌స్పష్టతా పరిమాపన మండలి. ఆ పేరు తడబడకుండా చెప్పగలిగినవాళ్లు మండలిలోనే ఇద్దరో ముగ్గురో ఉండేవారు. చిన్నపిల్లలు ఎంత స్పష్టంగా మాట్లాడుతున్నారో, నెలలు గడిచేకొద్దీ ఆ స్పష్టత ఎంత పెరుగుతోందో కొలవడం మా పని.

దీనికంతటికీ మూలం మా జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు ఎక్కడో మూడు రోజుల సదస్సుకి వెళ్లి రావడం. సదస్సుకి వెళ్లినవాళ్లు సంచీ, పెన్నూ తెచ్చుకుంటారు. ఆయన గ్రాఫు తెచ్చుకున్నారు. రెండేళ్ల బిడ్డ మాటల్లో సగం, మూడేళ్లకి ముప్పాతిక, నాలుగేళ్లు నిండేసరికి దాదాపు అన్నీ కొత్తవాళ్లకి కూడా అర్థమవ్వాలని అందులో ఉంది. మంచి మాటే. మాట ఆలస్యమైన బిడ్డ ఎవరో కనిపెట్టి, డాక్టరుకి చూపిస్తే ఆ గ్రాఫు పుణ్యం కట్టుకునేది. కానీ పైకి పోయే గీతని మా ఆఫీసు గోడ మీద అంటించాక దాని దర్జాయే మారిపోయింది. ప్రతి అంగన్‌వాడీ కేంద్రానికీ అలాంటి గీత ఒకటి ఉండాలన్నారు. ప్రతి గీతా మూణ్ణెల్లకోసారి పైకి లేవాలన్నారు. వరసగా మూడుసార్లు లేవకపోతే ఆ కేంద్రాన్ని పక్క ఊరి కేంద్రంలో కలిపేస్తామన్నారు.

మొదట టీచర్లనే వినమన్నారు. టీచర్లందరూ నూటికి నూరు రాశారు. అబద్ధమేమీ కాదు, రోజూ వినేవాళ్లకి అర్థం కాక ఏం చేస్తుంది? తల్లుల్ని వినమన్నారు. తల్లులూ నూరే రాశారు. ఒక తల్లి మాత్రం నూట ఇరవై రాయమని పట్టుబట్టింది. ఎలాగమ్మా అంటే, మావాడు ఇంకా అనని మాటలు కూడా నాకు అర్థమవుతాయి అందట.

అప్పుడు పరాంకుశం గారు ఒక సూత్రం కనిపెట్టి సర్క్యులరులో పెట్టారు. "పరిచయము వలన కలుగు అవగాహన అవగాహనగా పరిగణింపబడదు." దాంతో పిల్లల మాట వినడానికి వాళ్లని ఎరగని మనిషి కావలసి వచ్చాడు. మనిషి కావలసి వచ్చాక పోస్టు పుట్టింది. పోస్టు పుట్టాక నేను దరఖాస్తు పెట్టాను. అప్పటిదాకా మా ఊళ్లో బండల మిల్లులో గుమస్తాగా ఉండేవాణ్ణి.

దరఖాస్తుతోపాటు ఇద్దరు గెజిటెడ్ అధికారుల ధ్రువపత్రాలు జతచేయాలి. ఫలానా వ్యక్తి నాకు తెలియడు అని వాళ్లు రాసివ్వాలి. మొదటి అధికారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"నువ్వెవరో నాకు తెలీదే, ఎట్ల రాసిచ్చేది?" అన్నాడాయన.

"అదే రాయండి సార్," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, న్యాయమేనని పెన్ను తీశాడు. పేరేంది అని అడిగాడు. చెప్పాను. ఏ ఊరు, ఎవరబ్బాయివి అన్నాడు. అదీ చెప్పాను. "ఇంగ తెలిసిపాయ గదప్పా!" అని కాగితం చించేశాడు. మరో ఇద్దరి చుట్టూ తిరిగాక బుద్ధొచ్చింది. చివరికి సంతకాలు పెట్టిన ఇద్దరూ కాగితం చదవకుండానే పెట్టారు. అది వాళ్లు రోజూ చేసే పనే కాబట్టి నియమ భంగం ఏమీ జరగలేదు.

ఇంటర్వ్యూలో నా ముందు వెళ్లిన కుర్రవాడు నవ్వుతూ నమస్కారం పెట్టాడని, కలుపుగోలు స్వభావమని తీసేశారు. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

"మేమెవరమో తమకు విదితమేనా?" అన్నారు పరాంకుశం గారు.

"లేదు సార్."

"తెలుసుకొనవలెనన్న కుతూహలమేమైనా?"

"లేదు సార్."

బోర్డులోని ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు ఊపారు. జీవితంలో మొదటిసారి నా ముభావం అన్నం పెట్టింది.

ఇక నిబంధనలు. శ్రోత స్వస్థలానికీ కేంద్రానికీ మధ్య మూడు వందల కిలోమీటర్లు ఉండాలి. ఆ ఊళ్లో పేరు చెప్పకూడదు, మంచినీళ్లు కూడా పుచ్చుకోకూడదు. పిల్లలు మాట్లాడుతుంటే విని, ఎన్ని మాటలు అన్నారో, అందులో ఎన్ని అర్థమయ్యాయో, శ్రోత ఎలా స్పందించాడో ప్రొఫార్మాలో నింపాలి. పిల్లలు గనక శ్రోతని అన్నా, మావా అని వరస పెట్టి పిలిచారంటే "సంబంధ సూచక పదప్రయోగం" కింద ఆ పరీక్ష రద్దు. ఒకసారి ఒక బిడ్డ మాట విన్నాక ఆ బిడ్డ విషయంలో శ్రోత చెవి చెడిపోయినట్టే లెక్క. అందుకోసం నాకొక చెవి పుస్తకం ఇచ్చారు. చెడిపోయిన చెవి వివరాలు అందులో ఎర్ర సిరాతో రాయాలి. అయిదు నెలల్లో నలభై ఒక్క కేంద్రాలు తిరిగి, రాష్ట్రమంతటా నా చెవులు చెడగొట్టుకున్నాను.

నలభై రెండోది చినగెడ్డవలస. శ్రీకాకుళం వైపు ఊరు. ఆడవాళ్లలో చాలామంది పొద్దున్నే జీడిపిక్కల కార్ఖానాకి పోతారు. పిల్లల్ని అంగన్‌వాడీలో దింపి పోతారు. మొత్తం పద్నాలుగు మంది పిల్లలు. అంతకుముందు రెండు త్రైమాసికాల్లో ఆ కేంద్రం గీత సున్నా దగ్గర పడుకుని లేవలేదు. ఇది మూడోది. ఈసారీ లేవకపోతే గెడ్డ అవతల ఉన్న పెద్దూరి కేంద్రంలో కలిపేస్తారు. గెడ్డ అంటే ఆ వైపు వాళ్లకి వాగు. దానికి వంతెన లేదు.

బస్సు దిగగానే అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ఒక ముసలమ్మ తలెత్తి చూసింది. పేరు సన్యాసమ్మ అని తరవాత తెలిసింది.

"ఎవలి తాలూకా బాబూ నువ్వు?"

"చెప్పకూడదవ్వా," అన్నాను. నిబంధన పాటించాననుకున్నాను.

"అవ్వా అన్నావంటే మన పక్కోడివి కాదు. కడప కాడోడివేటి?" అంది. నేను జవాబు చెప్పకుండా గబగబా నడిచాను. "బండల ఊరా? సిమెంటు ఊరా?" అని వెనకనుంచి వినబడుతూనే ఉంది.

కేంద్రంలో టీచరు గౌరీశ్వరి పిల్లల్ని చాప మీద వరసగా కూర్చోబెట్టింది. నలభై ఏళ్ల మనిషి, మొహంలో మూడు రాత్రుల నిద్ర బాకీ కనబడుతోంది. నేను ఎదురుగా కూర్చుని ప్రొఫార్మా తీశాను. పద్నాలుగు మంది పిల్లలూ నావైపు చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. బొమ్మలు చూపించాను. చూశారు. పిల్లిలా అరిచాను. పాపం అన్నట్టు చూశారు. మొదటి వరసలో ఒక పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని మరీ కూర్చుంది. రిజిస్టరులో పేరు లాస్యప్రియ, ఊళ్లో గున్నమ్మ. మూడున్నరేళ్లు ఉంటాయి. సన్యాసమ్మ మనవరాలు.

"వీళ్లకి మాటలు రావా టీచరమ్మా?" అన్నాను.

"మీరు బయటికెళ్లండి, ఒక నిమిషంలో కప్పు ఎగిరిపోద్ది," అంది గౌరీశ్వరి. "తప్పు పిల్లలది కాదండి. అదిగో, అటు చూడండి."

గోడ మీద పెద్ద పోస్టరు ఉంది. తెలియనివాళ్లతో మాట్లాడవద్దు అని రంగురంగుల అక్షరాలు, పక్కన నోటికి వేలు అడ్డుపెట్టుకున్న పాప బొమ్మ. అది మా శాఖలోనే బాలల భద్రతా విభాగం వారి పోస్టరు. రోజూ పొద్దున్నే పిల్లల చేత మూడుసార్లు చెప్పించాలని వాళ్ల ఆర్డరు. గౌరీశ్వరి చెప్పించింది. పిల్లలు నేర్చుకున్నారు. భద్రత అమలులో జిల్లాకే ఆదర్శమని కిందటి నెల ఆమెకి ప్రశంసాపత్రం వచ్చింది. మాట స్పష్టతలో జిల్లాకే ఆఖరని అదే నెల మా నోటీసు వచ్చింది. రెండూ ఒకే కవర్లో వచ్చాయి.

"గెడ్డ అవతలికి మూడు కిలోమీటర్లండి," అంది ఆమె. "వాన పడితే పెద్దోళ్లే దాటలేరు. సెంటరు ఎత్తేస్తే గున్నమ్మ తల్లి పనికెల్లడం మానాల. ఆ చివరన కూర్చున్న ఇద్దరూ ఇక్కడి గుడ్డూ పాల కోసమే వస్తారు. ఆళ్లింట్లో మధ్యాన్నం పొయ్యి వెలగదు. నా ఉద్యోగం సంగతి తరవాత చూసుకుందాం. ఈళ్లనేం చేస్తారో చెప్పండి."

పిల్లలు అన్న మాటలు సున్నా, నాకు అర్థమైనవి సున్నా. సున్నాలో సున్నా ఎంత శాతమో తెలియక ఆఫీసుకి ఫోన్ చేశాను. లెక్కల విభాగం వారు చర్చించుకుని, అటువంటి సందర్భాల్లో సున్నా వేయడమే ఆనవాయితీ అన్నారు. ఆ సున్నా వేయబోతుండగా సన్యాసమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆమె చేతిలో సెల్‌ఫోన్ ఉంది.

"బాబూ, జమ్మలమడుగులో బండల మిల్లు కాడ సింవాచలాన్ని ఎరుగుదువేటి? నా సిన్నాన్న కొడుకు. లారీ మీద బండలు తేడానికెల్లి అక్కడే పెల్లాడి ఉండిపోనాడు. నీ పోలికలు సెప్తే ఆడి పెల్లాం గురుతు పట్టినాది, నీతో మాటాడతాదంట."

ఫోను నా చెవికి ఆనించింది. "ఒరే ఓబులేసూ! ఆడికి ఎట్ల పోయినావురా? చెప్పా పెట్టకుండా పోతావా?" అని మా పెద్దమ్మ కూతురు గొంతు. ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన్ని ఆ ముసలమ్మ చింతపండు ఒలిచినంత సేపట్లో ఒలిచేసింది.

"నా తమ్ముడి పెల్లాం నీకు అక్కయితే, నువ్వు నాకు మరిదివి," అంది సన్యాసమ్మ వేళ్లు లెక్కపెడుతూ. "నా కొడుకుకి సిన్నాన్నవి. అంటే గున్నమ్మకి సిన్నతాతవి." పిల్లలవైపు తిరిగింది. "ఒలే గుంటల్లారా, ఇతగాడు మన సిన్నతాతే! బెంగెట్టుకోకండి."

అంతే. పద్నాలుగు నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి. ఒకడు మేక ఈనిందన్నాడు. ఒకతె నాన్న చెప్పు తెగిందంది. గున్నమ్మ నోటి మీద చేతులు తీసేసి, సిన్నతాతా అంటూ నా చొక్కా గుండీ పట్టుకుని, రాత్రి వాళ్ల ఇంట్లోకి కప్ప వచ్చిన వైనం మొదలుపెట్టింది. ల అనాల్సిన చోట య అంటోంది. అయినా నాకు నూటికి ఎనభై మాటలు అర్థమయ్యాయి. ముప్పై నాలుగేళ్లకే తాతనయ్యానన్న సంగతి కూడా మరిచిపోయి వింటూ కూర్చున్నాను. నలభై ఒక్క కేంద్రాల్లో ఒక్క బిడ్డ కూడా నా గుండీ పట్టుకోలేదు. చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

జరిగింది జరిగినట్టు రాసి పంపాను. పరీక్ష రద్దయిపోయింది. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. "సదరు శ్రోత సదరు గ్రామమునకు తాతగా పరిణమించినందున, ఆయన ఉభయ కర్ణములు చెడిపోయినవిగా ప్రకటించడమైనది. వారిని తక్షణమే రికార్డు సహాయకునిగా హోదా తగ్గించి, అదే కేంద్రపు పునఃపరీక్షకు కాగితములు మోయుటకు నియమించడమైనది."

పునఃపరీక్షకి చిత్తూరు వైపునుంచి ఒక శ్రోతని పంపారు. చుట్టరికం కలపడానికి సన్యాసమ్మకి గంటన్నర పట్టింది. ఆ శ్రోత ఊరి గుళ్లో గుండు కొట్టించుకోవడానికి ఎప్పుడో వెళ్లిన తన ఆడపడుచు, అక్కడ ఎవరింట్లోనో వారం రోజులు జొరంతో పడుకుందట. ఆ ఇల్లు ఈ శ్రోత మేనత్తది. అన్నం పెట్టిన ఇంటివాడు అన్న కాకపోతే ఎవరంది. ఆ పరీక్షా రద్దయింది. తరవాత వచ్చినవాడికి అసలు నోరే తెరవొద్దని ఆఫీసు వారు చెప్పి పంపారు. టోపీ, నల్లకళ్లద్దాలు, మూతికి గుడ్డ. వాడు మధ్యాహ్నం దాకా మౌనంగానే కూర్చున్నాడు. "మాటాడకపోతే ఏటి? మా ఆయన కూడా ముప్పయ్యేళ్లు అలగే ఉండీవోడు," అని సన్యాసమ్మ గంజి తెచ్చి ముందు పెట్టింది. పొద్దున్నుంచీ మంచినీళ్లు లేని మనిషి. తాగేశాడు. తాగినవాడు వెళ్లేటప్పుడు "వస్తానమ్మా" అన్నాడు. పిల్లలు కోరస్‌గా "టాటా మావయ్యా" అన్నారు.

ఇంతలో మళ్లీ సదస్సు దగ్గర పడింది. పరాంకుశం గారు అక్కడ మన రాష్ట్రం గీతలన్నీ చూపించాలి. అన్ని గీతలూ ఏదో ఒక తీరున సర్దుకున్నాయి గానీ చినగెడ్డవలస గీత మాత్రం నేలని కరుచుకుని ఉంది. ఆయన ఆఫీసులో అందరినీ సమావేశపరిచారు.

"శ్రోతలందరూ ఒక వృద్ధురాలి చేతిలో బంధువులుగా మారుట విచారకరము. ఇక మిగిలిన నికార్సయిన అపరిచితుడు ఎవరు?" అని ఆయనే ప్రశ్న వేసి, ఆయనే లేచి నిలబడ్డారు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ప్రధాన కార్యాలయం దాటి ఏ గ్రామమునకూ వెళ్లి ఎరుగను. నన్నెరిగిన గ్రామము ఒక్కటైనా ఉన్నదేమో చూపండి."

ఆయన స్వయంగా బయల్దేరారు. నేను కాగితాలు మోశాను.

జీపు దిగగానే సన్యాసమ్మ ఎదురొచ్చింది. "ఎవలి తాలూకా బాబూ తమరు?"

"నేను ప్రభుత్వము తాలూకా."

"అది కాదు. అమ్మగారోలెవలు? అత్తోరెవలు?"

"పరిపాలనా కారణముల రీత్యా వెల్లడింపజాలను."

ఆమె కింది నుంచి పై దాకా చూసింది. ఏ ఒక్క పట్టూ దొరకలేదు. ఆ మనిషికి ఊరి యాస లేదు, పలకరింపుకి నవ్వు లేదు. "పాపం, ఎవలూ లేనోడు," అని నిజంగానే జాలిపడి పక్కకి తప్పుకుంది. పరాంకుశం గారు గెలిచినట్టు నావైపు చూశారు.

లోపల పిల్లలు మామూలుగానే చాప మీద కూర్చున్నారు. ఆయన బూట్లు గుమ్మం బయట విడిచి, మేజోళ్లతో వచ్చి, పిల్లల ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. "చిరంజీవులారా, మీ మీ అభిప్రాయములను నిస్సంకోచముగా వ్యక్తపరచుడు," అన్నారు. అయిదు నిమిషాలకి మళ్లీ అన్నారు. గున్నమ్మ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. గౌరీశ్వరి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికో చెప్పుకుంటోంది. పరాంకుశం గారు పెన్ను మూత తీసి, "విలీనమునకు సిఫారసు," అంటూ గట్టిగా పైకే చదువుకుంటూ రాయడం మొదలుపెట్టారు. గుడ్డూ పాల కోసం వచ్చే ఆ చివరి ఇద్దరు పిల్లలవైపు చూడలేక నేను తల దించుకున్నాను.

అప్పుడు గున్నమ్మ నోటి మీద నుంచి ఒక చెయ్యి తీసింది. ఆ చేతితో ఆయన కుర్చీ కిందకి చూపించింది. రెండో చెయ్యి కూడా తీసింది.

"నీ కాయి కింద తేయుంది. యే!"

అక్షరాలా అలాగే అంది. ల ఒక్కటీ పలకలేదు. కానీ వాక్యం పూర్తి కాకుండానే పరాంకుశం గారు కుర్చీతో సహా లేచారు. కుర్చీ ఆయన్ని వదల్లేదు. కుర్చీతోనే పిల్లల గుడ్లు పేర్చి ఉన్న బల్ల మీదకి ఎక్కారు. ఆ బల్ల ఎక్కడానికి నాకైతే నిచ్చెన కావాలి. కింద నిజంగానే తేలుంది. బియ్యం బస్తా వెనకనుంచి వచ్చింది కాబోలు, ఇందాక ఆయన మేజోడున్న చోట తోక ఎత్తి నిలబడింది. గౌరీశ్వరి ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి పోయి, చేతికందిన బూటు తెచ్చి రెండు దెబ్బలు వేసింది. ఆ బూటు ఆయనదే.

తెలియనివాళ్లతో మాట్లాడకూడదని ఆ పిల్ల తొమ్మిది నెలలు నోరు మూసుకుంది. ఎదుటి మనిషికి ఆపద వస్తోందని చూసి ఆ కట్టు తెంచేసింది. మూడున్నరేళ్ల పిల్లకి ఉన్న బుద్ధి మాకెవరికీ లేదని నాకు సిగ్గేసింది. వాళ్ల మాట ఎంత అర్థమవుతుందో కొలవడానికి రాష్ట్రమంతా తిరిగాం గానీ, వాళ్లు మాతో చెప్పాల్సిన అవసరమేముందని ఒక్కసారీ అనుకోలేదు.

కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి. ప్రొఫార్మా తీసి రాశాను. అన్న మాటలు అయిదు. అర్థమైనవి అయిదు. శ్రోత ప్రతిస్పందన: బల్ల ఎక్కారు. సంతకానికి బల్ల మీదకే అందించాను.

ఆయన చదివి, కుర్చీని ఊడదీసుకుంటూ గొంతు సవరించుకున్నారు. "సదరు శిశువు పలికినది నాకు అవగతమైనదని చెప్పజాలను. పలుకులో లకారము లోపించినది."

"మరి బల్లెందుకు ఎక్కారు సార్?" అన్నాను.

"అది పరిపాలనాపరమైన నిర్ణయము."

గౌరీశ్వరి చేతిలో బూటు ఇంకా అలాగే ఉంది. ఆ మనిషి గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. "అయితే అలగే రాయండి సార్. పాప మాట నాకు అర్థం కాలేదు, ఏ కారణమూ లేకుండా కుర్చీతో గుడ్ల బల్ల ఎక్కినాను, అని రాసి సంతకం పెట్టీయండి. మా పిల్లలు గెడ్డ దాటుతారో మునుగుతారో తరవాత చూసుకుంటాం. ఆ కాగితం మాత్రం నాను అద్దం కట్టించి ఈ గోడకే తగిలిస్తాను."

గుమ్మంలో సన్యాసమ్మ, ఆమె వెనక అరడజను మంది ఆడవాళ్లు పోగయ్యారు. అందరూ ఆయన సంతకం కోసమే చూస్తున్నారు. పరాంకుశం గారు రెండు కాగితాల తూకం మనసులో వేసుకున్నారు. చివరికి అయిదుకి అయిదు అని ఉన్న దానిమీదే సంతకం పెట్టారు.

ఈలోగా మిగతా పదమూడు మందికీ నోళ్లు వచ్చేశాయి. తేలు ఎంత పెద్దదో, తోక ఎలా ఎత్తిందో, ఈయన ఎలా ఎక్కాడో ఆయనకే వర్ణించి చెప్పారు. ఇంకో తేలుందేమో చూడమని అడిగింది ఒకతె. ఆయన వంగి చూశారు. అది కూడా అర్థమైనట్టే రాసుకున్నాను. ఒకే ఒక్క పిల్లాడు అన్నది అక్కడ ఎవరికీ అర్థం కాలేదు, గుమ్మంలో ఉన్న వాళ్ల అమ్మకి కూడా. ఆ పిల్లాణ్ణి ఒకసారి డాక్టరుకి చూపించమని గౌరీశ్వరి ఆ తల్లికి చెప్పింది. ఆ మండలి పుట్టాక జరిగిన పనికొచ్చే పని అదొక్కటే అనుకుంటాను. సాయంత్రానికి చినగెడ్డవలస గీత సున్నా నుంచి తొంభై మూడుకి లేచింది. విలీనం కాగితం అక్కడే చింపేశారు. ఆ చివరి పిల్లలిద్దరికీ గున్నమ్మ తన గుడ్డు కూడా సగం సగం చేసి పెట్టింది. బల్ల మీదివి చాలావరకు చితికిపోయాయి మరి.

సదస్సులో ఆ గీతకి ఎక్కడలేని పేరొచ్చింది. ఒక్క పూటలో తొంభై మూడు శాతం పెరుగుదల ఎలా సాధ్యమని పెద్దపెద్దవాళ్లు అడిగారట. పరాంకుశం గారు ఒక పత్రం చదివారు. నెల తిరిగేసరికి అన్ని కేంద్రాలకీ సర్క్యులరు వచ్చింది. "శిశువులలో వాక్ప్రేరణ కలిగించు నిమిత్తము కేంద్రమునకు ఒక్కింటికి ఒక తేలు చొప్పున సరఫరా చేయుటకు నిర్ణయించడమైనది. తేలు సజీవముగాను, ఆరోగ్యముగాను, తోక ఎత్తునదిగాను ఉండవలెను. తమ కేంద్రమునకు కావలసిన పరిమాణము, రంగు వివరములతో టీచర్లు పది దినములలోగా ఇండెంటు పంపవలెను."

ఇండెంట్లన్నీ నా బల్ల మీదకే వచ్చాయి. కొందరు నల్లది కావాలన్నారు, కొందరు భయపడి సగం సైజు అడిగారు. చినగెడ్డవలస నుంచి గౌరీశ్వరి రాసిన ఉత్తరం మాత్రం నేను నేరుగా పరాంకుశం గారి ఫైల్లోనే పెట్టాను. అందులో ఇలా ఉంది.

"అయ్యా, మా కేంద్రానికి తేలు అక్కర్లేదు. మూణ్ణెల్లకోసారి తమరే వచ్చి ఆ బల్ల ఎక్కితే చాలు. మా పిల్లలు ఆ రోజు మొదలుపెట్టిన మాటలు ఇంకా ఆపలేదు."